పాత డిస్ట్రాయర్ల స్థానంలో కొత్త క్లాస్ ప్లాన్ చెయ్యాలంటే ఎక్కడ మొదలెట్టాలి

కొత్త డిస్ట్రాయర్, అంటే నేవీలో పెద్ద యుద్ధనౌక, ప్లాన్ చేద్దాం అనగానే ఎవరైనా ముందు రాసేది మిసైళ్ల లెక్క. బ్రహ్మోస్ ఎన్ని, బరాక్ ఎన్ని, పక్కదేశం దగ్గర ఎన్ని ఉన్నాయి, మనకి అంతకన్నా ఎక్కువ ఉండాలి కదా అని. దాన్ని కాసేపు పక్కన పెట్టండి, ముందు గోడ మీద క్యాలెండర్ తీసుకోండి.

మేం బెంగళూరు రామమూర్తినగర్‌లో ఆదివారం పొద్దున పూట ఐదారుగురం తెలుగువాళ్లం కూర్చుని ఈ ప్లానింగ్‌ని పేపర్ మీద చేస్తుంటాం. ఇద్దరు రాడార్ సైడ్ పనిచేసి మానేసినవాళ్లు, ఒకమ్మాయి నేవల్ ఆర్కిటెక్చర్ చదువుతోంది, నేను పీణ్యాలో ఎలక్ట్రికల్ ప్యానెళ్లు చేసే చిన్న వర్క్‌షాప్‌లో ఉంటాను, ఇంకా మా పెద్దమావయ్య, ఆయన వైజాగ్‌లో పాత డిస్ట్రాయర్ ఇంజిన్ రూమ్‌లో ఏళ్ల తరబడి చేసి రిటైరై ఇప్పుడు ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. అందరికీ దొరికే సమాచారం తప్ప వేరే ఏదీ వాడం. నేవల్ ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకి, డిఫెన్స్ మీద ఇష్టం ఉండి సీరియస్‌గా నేర్చుకుందాం అనుకునేవాళ్లకి పనికొస్తుందని మేం పాటించే వరస ఇక్కడ రాస్తున్నా.

ముందు తేదీలు. ఒక కాయితం మీద మూడు గళ్లు గీయండి, షిప్ పేరు, కమిషన్ అయిన, అంటే నేవీలో చేరిన తేదీ, దిగిపోయే తేదీ. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 1980 మే 4న చేరింది, 2021 మే 21న వైజాగ్‌లోనే డీకమిషన్ అయింది, అంటే 41 ఏళ్లు. రంజిత్ 1983 నుంచి 2019 దాకా, 36 ఏళ్లు. కాబట్టి ఒక షిప్‌కి ఆయుష్షు గట్టిగా లాగితే 40 అనుకోండి. ఇప్పుడు తర్వాతి తరం రాయండి, ఢిల్లీ 1997, మైసూర్ 1999, ముంబై 2001. 40 కలిపితే 2037, 2039, 2041.

ఇక్కణ్ణించి వెనక్కి లెక్కెయ్యాలి. ప్రాజెక్ట్ 15బి చూడండి, అంటే ఐఎన్ఎస్ విశాఖపట్నం క్లాస్, ఒకే డిజైన్ మీద కట్టిన నాలుగు షిప్పులు. ముంబై మజగావ్ డాక్‌తో కాంట్రాక్ట్ 2011 జనవరిలో అయింది, మొదటి షిప్‌కి కీల్, అంటే అడుగు దూలం, వేసింది 2013 అక్టోబర్, నీళ్లలోకి దించింది 2015 ఏప్రిల్, కమిషన్ అయింది 2021 నవంబర్. నాలుగోది సూరత్ 2025 జనవరి. కాంట్రాక్ట్ నుంచి మొదటి షిప్‌కి దాదాపు 11 ఏళ్లు, నాలుగూ చేతికొచ్చేసరికి 14. పైగా ఆ హల్లు, అంటే షిప్ బయటి డొల్ల, దాదాపుగా ముందటి కోల్‌కతా క్లాస్‌దే, అచ్చంగా కొత్తది కాదు. ఇప్పుడు 2037లోంచి 11 తీసెయ్యండి, 2026. దానికి ముందు కొత్త డిజైన్‌కి కనీసం నాలుగైదేళ్లు పట్టుద్ది అనుకుంటే మొదలెట్టాల్సిన ఏడాది మన వెనకాలే ఉండిపోయింది. ఈ గడి నింపినప్పుడు మా దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు, అందుకే దీన్ని మొదట పెట్టమంటున్నా, ఈ కాయితం కళ్ల ముందుంటే తర్వాత ప్రతి నిర్ణయానికీ తొందర దానంతటదే తెలుస్తది.

రెండోది, షిప్ పని ఏంటో ఒక్క వాక్యంలో రాయడం. ఎవరిని కాపాడాలి, దేన్నుంచి, ఎక్కడ, ఎంతసేపు. "అన్నీ చెయ్యాలి" అని రాస్తే ఆ ప్లాన్ అక్కడే ఆగిపోతది. డిస్ట్రాయర్ అసలు పని తన చుట్టూ ఉన్న షిప్పులకి గొడుగు పట్టడం, అంటే విమానవాహక నౌకకో సరుకు ఓడలకో ఆకాశం వైపునుంచి, నీటికింద నుంచి రక్షణ. మేం రాసుకున్న వాక్యం ఇది: బంగాళాఖాతంలోగానీ అరేబియాలోగానీ క్యారియర్‌తో పాటు నెలరోజులు తిరుగుతూ, నీటిమీద తాకీతాకనట్టు వచ్చే మిసైళ్ల గుంపుని తన మీదే కాదు పక్క షిప్ మీద పడకుండా కూడా ఆపాలి. ఎన్ని షిప్పులు అన్నదానికి మామూలుగా వాడే లెక్క మూడుకి ఒకటి, ఒకటి సముద్రంలో ఉంటే ఒకటి రిఫిట్‌లో, అంటే యార్డులో రిపేర్లకి ఉంటది, ఒకటి ట్రయల్స్‌లోనో ట్రైనింగ్‌లోనో ఉంటది. రెండు ఎప్పుడూ సముద్రంలో కావాలంటే ఆరు కట్టాలి.

మూడోది నాకు బాగా ఇష్టమైన భాగం, ఇక్కడ కాస్త లెక్క ఉంది, కాలిక్యులేటర్ తీయండి. భూమి గుండ్రం కాబట్టి రాడార్ ఎంత గొప్పదైనా సముద్రం మీద కిందగా వచ్చేదాన్ని కొంత దూరంలోకి వచ్చాకే చూడగలదు. లెక్క ఇలా: రాడార్ ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలం, మిసైల్ ఎగిరే ఎత్తు వర్గమూలం, రెండూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. రాడార్ 25 మీటర్ల ఎత్తులో ఉంది, మిసైల్ 5 మీటర్ల ఎత్తులో వస్తోంది అనుకోండి. 5, దానికి 2.24 కలిపితే 7.24, గుణిస్తే దగ్గర దగ్గర 30 కిలోమీటర్లు. శబ్దం కంటే కొంచెం తక్కువ స్పీడుతో, అంటే సెకనుకి 300 మీటర్లు వచ్చే మిసైల్ అయితే మీకు 100 సెకన్లు. బ్రహ్మోస్ లాంటి సూపర్‌సోనిక్‌ది ఎదురొస్తే 30 సెకన్లు పైన కొంచెం. ఆ 30 సెకన్లలోనే చూడాలి, అది పక్షి కాదని తేల్చుకోవాలి, మిసైల్ వదలాలి, అది వెళ్లి తగలాలి. 1982 మే 4న ఫాక్లాండ్స్ దగ్గర బ్రిటన్ టైప్ 42 డిస్ట్రాయర్ షెఫీల్డ్‌ని ఒకే ఒక్క ఎక్సోసెట్ మిసైల్ కొట్టింది, 20 మంది చనిపోయారు, షిప్ కొన్నాళ్లకి మునిగిపోయింది. ఆ సెకన్ల విలువ అది.

సరే రాడార్‌ని 36 మీటర్లకి ఎత్తేద్దాం అంటారు. 6 కి 2.24 కలిపి లెక్కేస్తే 34 కిలోమీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్లు లాభం, స్లో మిసైల్‌కి ఇంకో 13 సెకన్లు. బానే ఉంది, కానీ టన్నుల బరువున్న ఆ రాడార్‌ని ఇంకో 11 మీటర్లు పైకి మోస్తున్నారు, దాని కింద స్తంభం కూడా లావెక్కాలి, షిప్ గురుత్వ కేంద్రం పైకి జరుగుతది, దాన్ని సరిచెయ్యడానికి హల్లు వెడల్పు పెంచాలి, వెడల్పు పెరిగితే అదే స్పీడుకి ఇంజిన్ పెరగాలి. ఇట్లా ఒకదాన్ని కదిపితే పది కదులుతాయి, డిజైనర్లు దీన్నే డిజైన్ స్పైరల్ అంటారు, చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వచ్చి ప్రతిసారీ కొంచెం సరిచేసుకుంటూ పోవడం. చేతితో ఒక్కసారి ఈ చుట్టు తిరిగినవాళ్లకి షిప్ ఎందుకు అంత టైమ్ తీసుకుంటుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, నేను ఈ మొత్తం రాస్తోంది దీనికోసమే. షిప్ 40 ఏళ్లు బతుకుతది, కానీ దానిమీద ఎలక్ట్రానిక్స్ పది పదిహేనేళ్లకి పాతవైపోతాయి. అంటే మీరు ఇవాళ గీసే షిప్ తన జీవితంలో కనీసం రెండుసార్లు లోపలి సరుకంతా మార్చుకుంటది, ఆ వచ్చేవి ఏంటో ఇవాళ మనకి తెలీదు. రాజ్‌పుత్ డిజైన్ మూలాలు సోవియట్ కాలపు కషిన్ క్లాస్‌లో ఉన్నాయి, 1960ల నాటి ఆలోచన, అలాంటి షిప్ మీద 2000 తర్వాత బ్రహ్మోస్ పెట్టి ట్రయల్స్ చేశారు. పాత స్టైక్స్ మిసైళ్ల జాగాలో. ఆ జాగా, ఆ బరువు తట్టుకునే డెక్ లేకపోతే ఆ పని జరిగేదే కాదు. కాబట్టి నాలుగు విషయాల్లో ఖాళీ ముందే రాసిపెట్టుకోవాలి: జాగా, బరువు, కరెంటు, చల్లదనం. నా అనుభవంలో అందరూ మొదటి రెండూ గుర్తుపెట్టుకుంటారు, చివరి రెండూ మర్చిపోతారు.

చల్లదనం గురించి కొంచెం ఎక్కువ రాస్తా. ఈనాటి రాడార్లు నాలుగు వైపులా కదలకుండా ఉండే ప్యానెళ్లు, లోపల వేల ట్రాన్స్‌మిటర్లు, అవి తినే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే బయటికొస్తది. రాడార్ చూపు రెట్టింపు చెయ్యాలంటే మిగతావన్నీ అలాగే ఉంచితే పవర్ 16 రెట్లు కావాలి, ఎందుకంటే దూరం నాలుగో ఘాతంలో పనిచేస్తది. ఆ వేడిని చల్లటి నీటి పైపులతో తీసి ఏసీ ప్లాంట్‌కిచ్చి అక్కణ్ణించి సముద్రంలోకి పారబోయాలి. అమెరికా ఆర్లీ బర్క్ డిస్ట్రాయర్లకి కొత్త ఎస్‌పీవై-6 రాడార్ పెట్టేటప్పుడు, అదే ఫ్లైట్ 3 అనే బ్యాచ్, ఐదు 200 టన్నుల ఏసీ ప్లాంట్లు తీసి ఐదు 300 టన్నులవి పెట్టాల్సి వచ్చింది, జనరేటర్లు కూడా ఒక్కోటి 3 మెగావాట్ల నుంచి 4కి పెంచారు. అంతటితో ఆ హల్లులో ఖాళీ దాదాపు అయిపోయింది, 1988 నుంచి కడుతున్న క్లాస్‌ని వదిలి డీడీజీ(ఎక్స్) అని కొత్త హల్లు వైపు చూడ్డానికి పెద్ద కారణం అదే.

బ్రిటన్ టైప్ 45 డిస్ట్రాయర్లది ఇంకా బాధాకరం. మంచి రాడార్, మంచి మిసైల్, కానీ డబ్ల్యూఆర్-21 గ్యాస్ టర్బైన్‌కి ఉన్న ఇంటర్‌కూలర్, అంటే లోపలికెళ్లే గాలిని మధ్యలో చల్లబరిచేది, వేడి నీళ్లలో సరిగా పనిచెయ్యక టర్బైన్ ఆగిపోయేది, ఆ లోడంతా ఉన్న రెండు డీజిల్ జనరేటర్ల మీద పడేది, అవి మొయ్యలేక అవీ పడిపోయేవి, షిప్ మొత్తం చీకటి. ఇప్పుడు ఒక్కో షిప్‌నీ పక్కకి తెచ్చి, హల్లు కోసి, రెండు డీజిళ్ల జాగాలో మూడు పెద్దవి పెడుతున్నారు. మన బంగాళాఖాతంలో ఎండాకాలం పైనీళ్లు 30 డిగ్రీల దగ్గరుంటాయి, కాబట్టి సప్లయర్ ఇచ్చిన షీట్‌లో "సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర" అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ ప్లాంట్ మనకి అంత టన్నులివ్వదు. షీట్ చదివేటప్పుడు మొదట ఆ లైన్ వెతకండి.

ఈ విషయం మాట్లాడుకున్న రోజు పెద్దమావయ్య చాలాసేపు ఊరుకుని తర్వాత చెప్పారు. "ఒరే, మే నెలలో మా ఇంజిన్ రూమ్‌లో గంట సేపు నిలబడితే బూటులో చెమట గుచగుచమనీది. సముద్రం నీళ్ల పైపు మీద చెయ్యెడితే చల్లగుండాలి కదా, గోరువెచ్చగుండీది. అప్పుడు తెలిసిపోద్ది మాకు, ఇయాల ఏదో ఒకటి ట్రిప్పవుద్దని." చెయ్యి ఎలా పెట్టేవారో కూడా చూపించారు, అరచెయ్యి కాదు, వేళ్ల వెనకవైపు, అరచెయ్యి పని చేసిచేసి మొద్దుబారిపోయి ఉంటది కాబట్టి. అప్పట్నించీ మా షీట్‌లో ఏసీ ప్లాంట్ గడి రాడార్ గడి పక్కనే ఉంటది, రాడార్ మార్చినవాళ్లు అది మార్చకుండా ముందుకెళ్లడానికి లేదు.

ఎంత ఖాళీ వదలాలి అంటే, మేం డిజైన్ దశలో జరిగే పొరపాట్లకి ఒక మార్జిన్, సర్వీసులో వచ్చే మార్పులకి ఇంకో మార్జిన్ వేరువేరుగా రాస్తాం, రెండూ కలిపేస్తే కట్టేలోపే రెండూ తినేస్తారు. పాత షిప్ ఊరికే కూడా బరువెక్కుతది, పెయింట్ మీద పెయింట్, వాడని పాత కేబుళ్లు లాగడానికి రాక అలాగే వదిలెయ్యడం, ప్రపంచమంతా ఉన్నదే. ఇంకోటి, డబ్బు మిగుల్చుదామని హల్లు పొడుగు తగ్గించకండి. స్టీలు, ఖాళీ గాలి, షిప్‌లో అన్నిటికన్నా చవక. టైప్ 42లో మొదటివి అలా కురచగా 125 మీటర్లకి కట్టి, లోపల ఇరుకు, పెద్ద అలల్లో ముక్కు మునగడం చూసి చివరి బ్యాచ్‌ని 141 మీటర్లకి పెంచారు. మన విశాఖపట్నం క్లాస్ 163 మీటర్లు, 7,400 టన్నులు. దాని తర్వాతది 10 వేల టన్నులు దాటినా నాకు ఆశ్చర్యం లేదు, ఆ పెరిగిందంతా మిసైళ్లతో నింపెయ్యకుండా ఉంటే చాలు.

స్పీడు గురించి ఎక్కువ వాదించకండి. ఇంజిన్ పవర్ దాదాపు స్పీడు ఘనంతో పెరుగుతది, 20 నాట్స్ (గంటకి 20 సముద్రపు మైళ్లు) నుంచి 30కి వెళ్లాలంటే మూడు రెట్ల పైన కావాలి. క్యారియర్‌తో సమానంగా పోగలిగితే సరిపోతది.

ఇంజిన్ ఎక్కణ్ణించి అన్నది మాత్రం ముఖ్యం. రాజ్‌పుత్ క్లాస్ కట్టింది ఇప్పటి ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో, విశాఖపట్నం క్లాస్ టర్బైన్లు చేసిన జోర్యా-మాష్‌ప్రోయెక్త్ ఉన్నదీ అదే ఊర్లో. 2014 తర్వాత రష్యాకి ఉక్రెయిన్ టర్బైన్లు ఆగిపోయి సగంలో ఉన్న ఫ్రిగేట్లు, అంటే డిస్ట్రాయర్ కన్నా చిన్న యుద్ధనౌకలు, యార్డులో పడున్నాయి, చివరికి మనమే ఉక్రెయిన్ దగ్గర టర్బైన్లు కొని రష్యా యార్డుకి పంపితే వాటిలో ఒకటి 2024 డిసెంబర్‌లో ఐఎన్ఎస్ తుషిల్‌గా మన నేవీలో చేరింది. కాబట్టి ప్రతి పెద్ద వస్తువు ఎదురుగా రెండు గళ్లు పెట్టండి, ఏ ఊరి నుంచి వస్తది, ఆ ఊరు మూతపడితే రెండోది ఎక్కడ. ఈ గళ్లు నింపుతుంటే మనవాళ్లు చేసింది కూడా కనపడుతది. హల్లు స్టీలు డీఎంఆర్ 249ఎ హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ ల్యాబ్ తయారుచేసింది, ఇప్పుడు సర్కారీ స్టీల్ కంపెనీ సెయిల్ పోస్తోంది, ఒకప్పుడు యుద్ధనౌక స్టీలు కోసం రష్యా వైపు చూసేవాళ్లం. హల్లు మోడల్ లాగి పరీక్ష చెయ్యడానికి, టార్పెడోలకి వైజాగ్ ఎన్‌ఎస్‌టీఎల్ ల్యాబ్, నీటికింద శబ్దంతో వెతికే సోనార్‌కి కొచ్చి ఎన్‌పీఓఎల్ ల్యాబ్, రాడార్లకి మన సీవీ రామన్ నగర్‌లోని ఎల్‌ఆర్‌డీఈ ల్యాబ్, వాటిని చేసి ఇచ్చేది జాలహళ్లి బీఈఎల్. టర్బైన్ గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకా బయటి ఊరి పేరే రాయాల్సి వస్తోంది, అది నన్ను నిజంగా బాధపెడుతుంది.

తర్వాత ఫ్రీజ్. ఒక తేదీ రాసి, ఆ రోజు తర్వాత డ్రాయింగ్ మారదు అని అందరిచేతా సంతకం పెట్టించాలి. మా వర్క్‌షాప్‌లో ఒకసారి ప్యానెల్ అడుగు ప్లేట్‌కి కేబుల్ గ్లాండ్ రంధ్రాలు కోసి, పౌడర్ కోటింగ్ అయ్యి, ప్యాకింగ్ దాకా వచ్చాక కస్టమర్ కేబుల్ సైజు పెంచారు. 32 మిల్లీమీటర్ల రంధ్రాలు 40 చెయ్యాలి, మధ్యలో జాగా చాలదు, ప్లేట్ మార్చాలి, ప్లేట్ మారితే లోపల బస్‌బార్ (కరెంటు మోసే పట్టీ) జరగాలి, 11 ప్యానెళ్లు మళ్లీ మొదట్నించి. నాలుగు రంధ్రాలకి అది. షిప్‌లో అలాంటివి వేలల్లో ఉంటాయి. అమెరికా కాన్స్టెలేషన్ ఫ్రిగేట్‌ని తయారైన యూరప్ డిజైన్ మీద తక్కువ మార్పులతో కడదాం అని మొదలెట్టి, డిజైన్ పూర్తికాకుండానే 2022లో కట్టడం మొదలుపెట్టి, మార్పులు పెరిగిపోయి మొదటి షిప్ మూడేళ్లు వెనక్కి జరిగింది. మన కోల్‌కతా క్లాస్ ఖర్చు 3,580 కోట్ల నుంచి 11,662 కోట్లకి పెరిగినట్టు కాగ్ రాసింది. కోల్‌కతా 2014 ఆగస్టులో కమిషన్ అయితే దాని ముఖ్యమైన బరాక్-8 మిసైల్ దానిమీంచి మొదటిసారి పేల్చింది 2015 డిసెంబర్ చివర్లో.

కొత్త టెక్నాలజీ ఒకే షిప్‌లో ఎన్ని పెట్టాలి అంటే మా లెక్క ఒకటి, మహా అయితే రెండు, మిగతావన్నీ ఇంకో షిప్ మీద తిరిగి నిరూపించుకున్నవే. అమెరికా జుమ్‌వాల్ట్ డిస్ట్రాయర్‌లో హల్లు కొత్తది, రాడార్ కొత్తది, కరెంటు సిస్టమ్ కొత్తది, తుపాకీ కొత్తది, దాని గుండు కూడా కొత్తది. 32 కడదాం అనుకుని మూడుతో ఆపేశారు, షిప్పులు తగ్గేసరికి ఒక్కో గుండు ధర మిసైల్ ధరకి దగ్గరై గుండ్లే కొనలేదు. కొత్తవి ఉంటే ముందు నేల మీద అలాంటి ఇంజిన్ రూమే కట్టి నడపండి, కనీసం ఒక ఎండాకాలం మొత్తం. తర్వాత షిప్పుల్ని బ్యాచ్‌లుగా విడగొట్టండి, మొదటి మూడూ ఒకేలా, వాటి నుంచి నేర్చుకున్నది నాలుగో దాంట్లో. ప్రతి షిప్పూ వేరేగా ఉంటే స్పేర్లు నిలవ చెయ్యడానికే గోదాములు చాలవు.

మనుషుల గడి ఆఖర్న పెట్టకండి. విశాఖపట్నం మీద 300 మంది పైన ఉంటారు, వాళ్లు నెలల తరబడి పడుకోవాలి, తినాలి. ఇప్పుడు ఆడవాళ్లు కూడా షిప్పుల మీద చేస్తున్నారు కాబట్టి వాళ్లకి వేరే బాత్రూములు, బంకులు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి, ఇది మా గుంపులో ఆ చదువుకునే అమ్మాయి పట్టుబట్టి పెట్టించింది, నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

డ్రాయింగ్ అయ్యాక మేం చేసే చివరి పరీక్ష పెద్దమావయ్యది. పెన్సిల్ తీసుకుని ఏదో ఒక పంపు మీదో ఏసీ ప్లాంట్ మీదో వేలు పెడతారు, "ఇది పాడైంది, బయటికి తీయండి" అంటారు. అక్కణ్ణించి గీత గీసుకుంటూ తలుపు, వరండా, నిచ్చెన, హ్యాచ్, పైడెక్, క్రేన్ దాకా రావాలి, ప్రతి చోటా వస్తువు కొలత కన్నా దారి కొలత పెద్దగా ఉండాలి, దాన్ని వేలాడదీయడానికి పైన కొక్కెం ఉండాలి. పోయిన ఆదివారం మా చిల్లర్ (నీళ్లు చల్లబరిచే ఏసీ ప్లాంట్) దారిలో ఒక తలుపు దగ్గర 9 సెంటీమీటర్లు తక్కువొచ్చింది. ఆ తలుపు పెంచితే పక్కన కేబుల్ ట్రే జరగాలి, ట్రే జరిగితే పైన గ్యాలీ (వంటగది) పైపు జరగాలి. వచ్చే వారం ఆ పైపు దగ్గర్నించి మొదలెడుతున్నాం.